స్లైస్ పోవాలంటే ముందు ఫేస్, ఆ తర్వాతే స్వింగ్

గోల్కొండ దగ్గరి నయా ఖిలా కోర్సు కానీయండి, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ కానీయండి, విశాఖ ఈస్ట్ పాయింట్ కానీయండి, డాలస్ చుట్టుపక్కల శనివారం పొద్దున్నే మనవాళ్లు కలిసి వెళ్లే పబ్లిక్ కోర్సు కానీయండి, కొత్తగా డ్రైవర్ పట్టినవాళ్ల బంతి చాలావరకు ఒకే తీరుగా పోతుంది. బయలుదేరేటప్పుడు బాగానే ఉంటుంది. కొంత దూరం వెళ్లాక కుడికి తిరగడం మొదలవుతుంది. వేగం తగ్గేకొద్దీ ఇంకా వంగి, చివరికి చెట్లలోనో పక్క ఫెయిర్‌వేలోనో పడుతుంది. దీన్నే స్లైస్ అంటారు.

రేంజ్‌లో స్లైస్ కొడుతూ కనిపిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లంతా సలహాలు మొదలుపెడతారు. తల ఎత్తకు, మోచెయ్యి ఒంటికి ఆనించు, మెల్లగా కొట్టు అని తలా ఒక మాట. ఎవరూ చెడు కోరి చెప్పరు. కానీ వీటిని ఒకేసారి పాటించబోతే బంతి కుడికి పోవడం ఆగదు సరికదా, ఉన్న కాస్త స్వింగూ చెడుతుంది. స్లైస్‌ని సరిచేయడానికి ఒక వరస ఉంది. ఆ వరస తప్పినందువల్లే చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతారని నా గట్టి నమ్మకం.

ఇక్కడ రాసిందంతా కుడిచేతివాటం వాళ్ల కోసం. మీది ఎడమచేతివాటమైతే కుడి అన్నచోట ఎడమ అనీ, ఎడమ అన్నచోట కుడి అనీ మార్చుకుని చదవండి.

బంతి ఏం చెబుతోందో ముందు వినండి

క్లబ్ బంతికి తగిలి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు మాత్రమే. ఆ క్షణంలో రెండు సంగతులు చూడాలి. ఒకటి, క్లబ్ ఫేస్ ఎటు చూస్తోంది. రెండు, క్లబ్ తల ఎటు ప్రయాణిస్తోంది. బంతి దాదాపుగా ఫేస్ చూస్తున్న వైపే బయలుదేరుతుంది. క్లబ్ ప్రయాణించే దారికంటే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి స్పిన్ కుడికి వాలి, గాలిలో కుడికి వంగుతుంది. ఆ రెంటి మధ్య తేడా ఎంత పెరిగితే వంపు అంత పెరుగుతుంది. బంతి స్వింగ్ దారి వెంటే బయలుదేరుతుందని కోచ్‌లు కూడా చాలాకాలం నేర్పారు. రాడార్ యంత్రాలతో కొలవడం మొదలయ్యాక ఆ మాట తప్పని తేలింది.

స్పిన్ సంగతి మాత్రం కొత్తది కాదు. ఎడిన్‌బరో యూనివర్సిటీ ప్రొఫెసర్ పీటర్ గత్రీ టేట్ 1890లలోనే గోల్ఫ్ బంతి ప్రయాణం మీద లెక్కలు కట్టి, స్పిన్ ఎంత పని చేస్తుందో చూపించాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టేట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

రేంజ్‌కి వెళ్లాక మొదట చేయాల్సిన పని ఇది. ఏమీ మార్చకుండా కొన్ని బంతులు కొట్టి, అవి ఎక్కడ పడ్డాయన్నది వదిలేసి, ఎటు బయలుదేరాయో చూడండి. ఎడమకు బయలుదేరి కుడికి వంగుతుంటే స్వింగ్ బాగా ఎడమకు కోస్తోంది. సూటిగా బయలుదేరి వంగుతుంటే ఫేస్ గురివైపే ఉంది, దారి ఎడమకు ఉంది. కుడికి బయలుదేరి ఇంకా కుడికి పోతుంటే ఫేస్ బాగా తెరుచుకుని ఉంది. ఫోన్‌ని బ్యాగుకు ఆనించి, మీ వెనకనుంచి గురివైపు చూసేలా పెట్టి వీడియో తీసుకుంటే ఇంకా తేలికగా తెలుస్తుంది.

9 ఐరన్ సూటిగా పోతోంది కాబట్టి నా స్వింగ్ సరిగానే ఉంది, డ్రైవర్‌తోనే గొడవ అనుకోకండి. 9 ఐరన్ ఫేస్ బాగా వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి బంతికి వెనక్కి తిరిగే స్పిన్‌ని ఎక్కువగా ఇస్తుంది, అందులో పక్కవాటు స్పిన్ దాగిపోతుంది. డ్రైవర్‌కి ఆ వాలు తక్కువ, కాబట్టి అదే తప్పు బయటపడుతుంది.

పట్టు

అసలు పని ఇక్కడే ఉంది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

మన దగ్గర గోల్ఫ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది చిన్నప్పటినుంచీ క్రికెట్ ఆడినవాళ్లు. స్ట్రెయిట్ డ్రైవ్‌లో బ్యాట్ పూర్తి ముఖం చివరిదాకా బౌలర్‌కి కనిపించాలని నేర్చుకున్న చేతులవి. గోల్ఫ్ క్లబ్ ఒంటి చుట్టూ ఏటవాలుగా తిరుగుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఫేస్ తెరుచుకుంటుంది, ముందుకు వచ్చేటప్పుడు తలుపు మూసుకున్నట్టు మూసుకోవాలి. బ్యాట్‌లా దాన్ని నిలబెట్టి ఉంచితే బంతి దగ్గరికి వచ్చేసరికి అది ఇంకా తెరిచే ఉంటుంది.

మీ ఎడమచేతి గ్లవ్ ఒకసారి తీసి చూడండి. అరచేతి కిందిభాగంలో, మణికట్టుకు కాస్త పైన ఉండే మెత్తటి కండ దగ్గర తోలు నున్నగా అరిగిందా? చిల్లు పడిందా? అయితే క్లబ్ మీ వేళ్లలో లేదు, అరచేతిలో ఉంది, స్వింగ్‌లో అక్కడే రాసుకుంటోంది. అలా పట్టిన క్లబ్ సమయానికి మూసుకోవడం కష్టం.

సరైన పట్టు ఇలా వస్తుంది. ముందు కుడిచేత్తో క్లబ్‌ని తేలిగ్గా పట్టుకుని, ఫేస్ కింది అంచు గురికి అడ్డంగా, సరిగ్గా ఉండేలా నేలమీద పెట్టండి. ఎడమచెయ్యి వదులుగా పక్కకు వేలాడనివ్వండి. అరచెయ్యి సహజంగా కొద్దిగా లోపలికి తిరిగి ఉంటుంది. దాన్ని మెలితిప్పకుండా అలాగే తెచ్చి క్లబ్ మీద పెట్టండి. క్లబ్ చూపుడువేలి మధ్య కణుపునుంచి చిటికెనవేలి మొదలుదాకా వేళ్ల మీదుగా సాగాలి. వేళ్లు ముడిచాక ఆ మెత్తటి కండ క్లబ్ పైన కూర్చోవాలి. బొటనవేలు నడిమధ్యన కాక కొంచెం కుడివైపు ఉండాలి. ఇప్పుడు కిందికి చూస్తే ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు కణుపులు రెండూ స్పష్టంగా కనిపించాలి. మూడోది కాస్త కనిపించినా మంచిదే. ఒక్కటే కనిపిస్తుంటే మీ స్లైస్‌కి సగం కారణం అదే.

కుడిచెయ్యి పక్కనుంచి వచ్చి ఎడమ బొటనవేలిని కప్పాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత మీ కుడిభుజం వైపు చూపాలి. చిటికెనవేలిని హ్యారీ వార్డన్‌లా పైన ఉంచుతారా, జాక్ నిక్లాస్‌లా మెలేస్తారా, పది వేళ్లూ క్లబ్ మీదే ఉంచుతారా అన్నది మీ చేతుల సౌకర్యం. స్లైస్‌కి దానితో పనిలేదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. చేతులు కుడికి తిప్పి పట్టుకునేటప్పుడు, వాటితోపాటు క్లబ్‌ని కూడా కుడికి తిప్పేసి ఫేస్‌ని తెరవకండి. అలా చేస్తే మార్పు ఏమీ ఉండదు. బిగించి పట్టకండి కూడా. ముంజేతులు బిగిస్తే క్లబ్ తల తిరగదు.

పుస్తకం చూసి నేర్చుకునేవాళ్లకు ఇంకో మాట. బెన్ హోగన్ 1957లో రాసిన ‘ఫైవ్ లెసన్స్’ గొప్ప పుస్తకం, చదవాల్సిందే. కానీ ఆయన చాలాకాలం పోరాడింది హుక్‌తో, అంటే ఎడమకు వంగే బంతితో. అందులోని పట్టు ఫేస్ మూసుకుపోకుండా చూసుకునే మనిషి పట్టు. స్లైస్ ఉన్నవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే రోగం ముదురుతుంది.

కొత్త పట్టు చేతికి అసహజంగా అనిపిస్తుంది, తప్పదు. ఇంట్లో ఒక క్లబ్ అందుబాటులో పెట్టుకుని, రోజూ కాసేపు పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం చేయండి. బంతి అక్కర్లేదు.

బంతి ఎడమకు పోతే సంతోషించండి

పట్టు కుదిరాక 7 ఐరన్ తీసుకుని, చేతులు నడుము ఎత్తుకే వెళ్లేలా చిన్న స్వింగ్‌లు కొట్టండి. బంతి దాటాక క్లబ్ నేలకు సమాంతరంగా వచ్చేసరికి దాని మొన ఆకాశం వైపు చూస్తుండాలి, ఫేస్ ఆకాశం వైపు తిరిగి ఉండకూడదు. చేతులు తిరగడం తెలియకపోతే కుడిచేతిని ఎడమచేతికి నాలుగు వేళ్ల ఎడంగా కిందికి జరిపి, బంతి లేకుండా ఊపి చూడండి. ముంజేతులు ఒకదానిమీదుగా ఒకటి ఎలా దాటుతాయో ఒంటికే తెలుస్తుంది.

ఈ దశలో చాలా బంతులు సూటిగా ఎడమకు పోతాయి. చాలామంది ఇక్కడే కంగారుపడి పాత పట్టుకు వెళ్లిపోతారు. అలా వెళ్లకండి. బంతి ఎడమకు బయలుదేరి, వంగకుండా ఎడమకే పోతోందంటే ఫేస్ దారితో కలిసిందని అర్థం. ఇక మిగిలింది దారి ఒక్కటే.

ఫేస్‌ని ముందు ఎందుకు సరిచేయాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫేస్ తెరిచి ఉన్నన్నాళ్లూ బంతి కుడికే పోతుంది కాబట్టి ఒళ్లు దానంతటదే ఎడమకు కొట్టడం నేర్చుకుంటుంది. మీరు గురి కాస్త ఎడమకు పెడతారు, భుజాలు ఎడమకు తిరుగుతాయి, క్లబ్ ఇంకా అడ్డంగా కోస్తుంది, స్లైస్ పెరుగుతుంది. మళ్లీ ఇంకాస్త ఎడమకు గురిపెడతారు. ఫేస్‌ని వదిలి స్వింగ్ దారినే ముందు సరిచేస్తే బంతి నేరుగా కుడి అడవిలోకి పోతుంది, రెండు బంతులు అలా పోయాక పాత స్వింగే తిరిగొస్తుంది. బంతి కుడికి పోదన్న నమ్మకం చేతులకు కుదిరాకే స్వింగ్ ఎడమకు కోయడం మానుతుంది.

నిలబడే తీరు, దిగే తీరు

నేలమీద రెండు కర్రలు పరవండి. ఒకటి బంతికి అవతల గురివైపు, రెండోది దానికి సమాంతరంగా మీ కాలివేళ్ల దగ్గర. పాదాలకంటే భుజాలు ముఖ్యం. ఒక క్లబ్‌ని రొమ్ముకు అడ్డంగా ఆనించుకుని అది ఎటు చూపుతోందో చూసుకోండి. స్లైస్ ఉన్నవాళ్లలో పాదాలు సరిగా ఉండి భుజాలు ఎడమకు తిరిగి ఉండటం మామూలు. బంతిని మరీ ముందుకు పెట్టుకున్నా భుజాలు అలాగే తిరుగుతాయి. డ్రైవర్‌కి బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉంటే చాలు. టీ మీద బంతి సగం డ్రైవర్ పై అంచుకంటే ఎత్తులో కనిపించాలి. కుడిభుజం ఎడమదానికంటే కొద్దిగా కిందికి ఉండాలి.

ఇక పైనుంచి దిగే తీరు. స్లైస్ స్వింగ్‌లో కుడిభుజం తొందరపడి ముందుకు దూకుతుంది, దాంతో క్లబ్ బయటినుంచి లోపలికి కోస్తుంది. దీన్ని మాన్పించడానికి నేను చెప్పే సాధన ఒక్కటే. డ్రైవర్ తొడుగుని బంతికి అవతలివైపు, అంటే మీకు దూరంగా, నాలుగైదు అంగుళాల ఎడంలో, బంతికి కొంచెం వెనకగా పెట్టండి. బయటినుంచి దిగితే క్లబ్ తొడుగుకి తగులుతుంది. మెత్తటిదే కాబట్టి ఏమీ కాదు, తప్పు మాత్రం వెంటనే తెలుస్తుంది. మొదట సగం స్వింగ్‌తో, తర్వాత ముప్పాతిక స్వింగ్‌తో కొట్టండి. దిగేటప్పుడు ముందు బరువు ఎడమకాలి మీదికి రావాలి, చేతులు కుడితొడ వైపు కిందికి జారాలి, భుజాలు ఆ తర్వాతే తిరగాలి. వీపు గురివైపు ఇంకాసేపు ఉంచాలన్న ఆలోచన కొందరికి బాగా పనిచేస్తుంది.

అయినా కుదరకపోతే కుడిపాదాన్ని ఒక అడుగు వెనక్కి పెట్టి 7 ఐరన్‌తో కొట్టండి. ఆ నిలబడే తీరులో బయటినుంచి కోయడం కష్టం. డ్రైవర్‌ని చివరికి ఉంచండి, తీసినా పూర్తి బలంతో కొట్టకండి.

బంతి ఎక్కడ తగులుతోంది

పట్టు సరే, దారి సరే, అయినా డ్రైవర్ బంతి వంగుతోందా? ఫేస్ మీద సుద్దముక్క రుద్ది కొట్టండి, మచ్చ ఎక్కడ పడిందో చూడండి. మచ్చ మడమవైపు, అంటే షాఫ్ట్ దగ్గరగా పడుతుంటే ఆ తగలడమే కుడి స్పిన్‌ని పెంచుతుంది. చాలాసార్లు బంతికి కాస్త దూరంగా నిలబడితే చాలు. కొట్టాక ఫేస్ తుడవడం మరిచిపోవద్దు.

కొత్త డ్రైవర్ కొనాలా?

ఇప్పుడే వద్దు. స్లైస్ తగ్గించడానికని మడమవైపు బరువు పెట్టిన డ్రైవర్లు వస్తున్నాయి, అవి కొంత సాయం చేస్తాయి కూడా. కానీ తెరుచుకున్న ఫేస్‌ని అవి మూయలేవు. ఉన్న డ్రైవర్ 9 డిగ్రీలదై, షాఫ్ట్ మరీ గట్టిదైతే మాత్రం మార్చుకోవడంలో అర్థముంది. చుట్టాలు అమెరికానుంచి తెచ్చిచ్చిన సెట్‌తో మొదలుపెట్టినవాళ్లు షాఫ్ట్ మీద ఏ అక్షరం ఉందో ఒకసారి చూసుకోండి. ‘ఎస్’ అని ఉంటే అది వేగంగా ఊపేవాళ్ల కోసం చేసినది. కొత్తవాళ్లకు 10.5నుంచి 12 డిగ్రీల డ్రైవర్ నయం. ఆ డబ్బుతో మంచి కోచ్ దగ్గర రెండు పాఠాలు తీసుకుంటే ఇంకా నయం.

కోర్సులో ఉన్నప్పుడు

స్లైస్ ఒక్క వారంలో పోదు. ఈలోగా ఆట మానక్కర్లేదు. టీ బాక్స్‌లో కుడి చివర టీ గుచ్చి, ఫెయిర్‌వే ఎడమ సగానికి గురిపెట్టండి. ఇరుకు హోల్స్‌లో డ్రైవర్ వదిలి హైబ్రిడ్ తీయండి. బంతి అవుట్ ఆఫ్ బౌండ్స్ పోయిందేమో, దొరకదేమో అనిపిస్తే కదిలేముందే చెప్పి ప్రొవిజనల్ బంతి కొట్టండి. 2019 నియమాల ప్రకారం వెతకడానికి ఉన్నది 3 నిమిషాలే.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. మీ బంతి వంగి వెళ్లే పక్క ఫెయిర్‌వేలో ఇతర ఆటగాళ్లు ఉంటారు, క్యాడీలు ఉంటారు, ఎండలో గడ్డి కోసే కూలీలు ఉంటారు. డ్రైవర్ బంతి తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. బంతి అటు తిరగడం కనబడగానే, పడ్డాక చూద్దామని ఆగకుండా, ‘ఫోర్!’ అని గొంతెత్తి అరవండి.