నాయనమ్మ నిద్ర చెడకుండా

హైదరాబాద్,
ఆదివారం

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన మూడు కీబోర్డుల ఫొటోలూ చూశాను. మూడూ వినాయకుడి పందిట్లో సీరియల్ సెట్లలా వెలుగుతున్నాయి. "పగలు లెక్కలకీ రాత్రి ఆటకీ ఒకటే సరిపోవాలత్తా, ఏది కొనమంటావు?" అనడిగావు. ఫోన్లో చెప్తే సగం వింటావు, మిగతా సగం హెడ్‌ఫోన్స్‌లో పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ మూడోది వదిలెయ్. బ్లూ స్విచ్ అని రాసుంది చూడు. నొక్కిన ప్రతిసారీ టిక్కుమంటుంది. నీకు ముచ్చటగానే ఉంటుంది గానీ, మీ నాయనమ్మ మంచం నీ టేబులుకి ఆరడుగుల దూరంలో ఉంది. ఆవిడ నిద్ర ఎంత పల్చనో నాకు తెలుసు. మా చిన్నప్పుడు అర్ధరాత్రి జంతికల డబ్బా మూత ఎంత మెల్లగా తీసినా "ఎవర్రా అది" అనేది. రెడ్ తీసుకో. దానికీ చప్పుడుంటుంది, కానీ ఆ టిక్కు ఉండదు. నలభై ఐదు గ్రాముల బరువు పడితే చాలు. మీట మొత్తం దిగేది నాలుగు మిల్లీమీటర్లు, రెండు దిగగానే అక్షరం పడిపోతుంది. అడుగు దాకా కొట్టకుండా వేలు వెనక్కి తీసుకోవడం అలవాటైతే చప్పుడు ఇంకా తగ్గుతుంది, వేళ్ళూ నొప్పెట్టవు. నాకు అది అబ్బడానికి చాలాకాలం పట్టింది. టైపు మిషన్ మీద నేర్చుకున్నదాన్ని కదా, గట్టిగా కొడితేగానీ రిబ్బను అచ్చు వదిలేది కాదు.

ఈ రెడ్డు, బ్లూ, బ్రౌను పేర్లు చెర్రీ అనే జర్మనీ కంపెనీ పెట్టినవి. వాళ్ళ ఎంఎక్స్ స్విచ్ 1983 నాటిది. పేటెంటు గడువు తీరాక చైనాలో గేటరాన్, కైల్, ఔటెము లాంటివాళ్ళు అదే కొలతల్లో చేయడం మొదలెట్టారు. రెండు మూడు వేలకి నీ చేతికొస్తోందంటే అదీ కారణం. కాబట్టి పేరు కోసం ఆరేడు వేలు పొయ్యకు.

అసలు భయం ఉప్పుగాలితో. లాక్‌డౌన్‌లో నేను రాంబిల్లి వచ్చి, నీ టేబులు ఉన్నచోటే కూర్చుని పని చేసుకున్నాను, గుర్తుందా? సముద్రం గాలి హాయిగా ఉందని కిటికీ రాత్రీ పగలూ తీసే ఉంచాను. ఏడాది తిరిగేసరికి సున్నా మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలెట్టింది. రోజూ కాదు, ఎప్పుడో ఒకసారి. అదే ప్రమాదం. ఒక కొట్టువాళ్ళ బిల్లు 4,500 కొడితే 45,000 పడింది. రిటర్ను వేసే ముందు మొత్తం తేడా వచ్చి, సాయంత్రం దాకా వెతికితే దొరికింది. తప్పు నాదే, స్క్రీను చూడకుండా కొట్టుకుపోయాను. తర్వాత ఆ స్విచ్ విప్పి చూస్తే లోపలి సన్నని రేకు మీద పచ్చగా చిలుం. రెండు రేకులు తగిలేటప్పుడు ఎప్పుడూ కాస్త అదురుతాయి, ఆ అదురు అయిదారు మిల్లీసెకన్లలో అణిగిపోతుందని లెక్కేసుకుని కీబోర్డు ఒక్క నొక్కుగానే తీసుకుంటుంది. చిలుం పట్టాక ఆ లెక్క తప్పుతుంది.

అందుకని హాట్‌స్వాప్ అని రాసున్నదే కొను. టంకం పని లేకుండా చిమటాలాంటి దానితో పాడైన స్విచ్ ఒక్కటీ పీకి కొత్తది గుచ్చేయొచ్చు. పని అయ్యాక కీబోర్డు మీద పాత తువ్వాలు కప్పు. చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ తేమ పీల్చే పొట్లాలు పారెయ్యకు, విడి స్విచ్‌ల డబ్బాలో వేసుకో.

ఇక నంబర్ ప్యాడ్. నువ్వు మెచ్చిన రెండోదానికి అది లేదు. ఆటగాళ్ళకి అక్కర్లేదు మరి, అది లేకపోతే మౌసు దగ్గరికొస్తుంది, భుజం చాచక్కర్లేదు. టాలీలో లెక్కలు కొట్టేవాడికి అది లేకపోతే కుడిచెయ్యి లేనట్టే. ఎడమచేత్తో బిల్లులు తిప్పుతూ కుడిచేత్తో అంకెలు కొట్టడం నీకు వేరే చెప్పాలా? నా మాట విని ప్యాడ్ లేని కీబోర్డే కొని, విడి నంబర్ ప్యాడ్ ఇంకోటి కొనుక్కో. వందల్లో దొరుకుతుంది. పనప్పుడు దగ్గరికి లాక్కో, ఆటప్పుడు సొరుగులో పడెయ్.

లైట్ల సంగతి. వద్దనను, కరెంటు పోయినప్పుడు పనికొస్తాయి. కానీ వానాకాలం సాయంత్రాలు ఆలోచించావా? లైటు వెలిగించిన క్షణంలో ఉసిళ్ళు వాలతాయి. పొద్దున్నే మీటల సందుల్లోంచి రెక్కలు ఏరుకోవాలి. పురుగుకి నీలం, తెలుపు ఇష్టం, ఎరుపు అంతగా పట్టదు. ఎరుపో నారింజో పెట్టి వెలుగు బాగా తగ్గించుకో. రంగులు అలల్లా పరిగెత్తే ఆ సోకు మీ స్నేహితులొచ్చినప్పుడు చూపించుకో. బ్లూటూత్‌ది వద్దు, లైట్లు వేస్తే బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. తీగ ఉన్నదే మేలు.

ఇంకో తిరకాసు ఉంది. ఆ వెలిగేవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. అర్జీలు తెలుగులో కొట్టిపెట్టి నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నానన్నావు. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటిస్తావేమో, అంటిస్తే వెలుగు మూసుకుపోతుంది, లైట్లకి పెట్టిన డబ్బు దండగ. స్టిక్కరు జోలికి పోకుండా ఇన్‌స్క్రిప్ట్ నేర్చేసుకో. విండోస్‌లో ఊరికే వస్తుంది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ మన భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని తెచ్చింది. హిందీ అయినా కన్నడమైనా 'కె' దగ్గర క-యే. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ కుడిచేతికి. చూపుడువేళ్ళకి తగిలే బొడిపెలు రెండున్నాయే, ఎడమదాని మీద గుడి, కుడిదాని మీద ర. పొల్లు 'డి' మీద. ఇంతే తెలిస్తే చీకట్లోనైనా దారి దొరుకుతుంది. 'అమ్మ' కొట్టి చూడు. కుడి చిటికెన వేలు మొదట్లో ఒకసారి షిఫ్ట్ నొక్కితే చాలు, మిగతాదంతా ఎడమచేతి నడిమివేలే చేసేస్తుంది. 'అత్త' అనాలంటే మాత్రం రెండుచేతులూ ఆడాలి!

యలమంచిలి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మేం ఇంగ్లీషు లోయర్ పరీక్షకి నిమిషానికి ముప్ఫై మాటలు, హయ్యర్‌కి నలభై ఐదు కొట్టాల్సి వచ్చేది. కరెంటు పోతే మాస్టారు కొవ్వొత్తి ఆయన బల్ల మీదే పెట్టుకునేవారు, మాకివ్వరు. చీకట్లోనే పదిహేను మిషన్లూ టకటకమనేవి. అప్పుడు తిట్టుకున్నాను గానీ, ఇవాళ్టికీ మీటల వంక చూడను.

ఆట మీద నేను చెప్పగలిగింది కొంచెమే. ఒకేసారి నాలుగు మీటలు నొక్కినా అన్నీ పట్టుకునేదే చూసుకో, పెట్టె మీద 'ఎన్-కీ రోలోవర్' అనుంటుంది. గేమ్ మోడ్ పెడితే విండోస్ మీట పనిచెయ్యకుండా ఆగిపోతుంది, ఆట మధ్యలో పొరపాటున తగలకుండా. అది తియ్యడం మరిచిపోయి, పొద్దున్నే అర్జీ కొట్టడానికి కూర్చుని విండోస్, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు రాదు. కీబోర్డు పాడైందని కొట్టువాడి మీద పడకు. చాలావాటిలో ఎఫ్ఎన్, విండోస్ కలిపి నొక్కితే తిరిగొస్తుంది. ఇక డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీలూ అవీ మీ ఆంధ్రలో 2020లోనే నిషేధించారు. ఆ వైపు వెళ్ళావని తెలిస్తే మీ నాన్నకి కాదు, నాయనమ్మకే చెప్తాను.

మెకానికల్ కీబోర్డు ఎత్తుగా ఉంటుంది. మణికట్టు పైకి విరిగినట్టు పెట్టకు. వెనక కాళ్ళు తెరవకు, ముందర తువ్వాలు మడత పెట్టి దాని మీద చెయ్యి ఆనించుకో.

కొన్నాక దాని సాకెట్లు త్రీ పిన్నా ఫైవ్ పిన్నా అన్నది చూసి మెసేజ్ పెట్టు. సంక్రాంతికి వచ్చేటప్పుడు రెడ్ స్విచ్‌లు ఓ ఇరవై పట్టుకొస్తాను. నా పాత కీబోర్డు అటక మీద ఉంటుంది, పారెయ్యనివ్వకు. ఆ సున్నా మీట నీ చేతే మార్పిస్తాను.

ఉంటాను,
మీ అత్త