జైలు లెక్కల పట్టికను సరిచేద్దాం

2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద నీరు దిగువకు పోయింది. ఈ వాక్యంలోంచి 'క్యూసెక్కులు' అన్న మాట తీసివేసి చదవండి. ఏమైనా అర్థమైందా? క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అదే వరదను ఘనపు మీటర్లలో చెబితే సెకనుకు సుమారు 32,400 అవుతుంది. నీరు ఒక్కటే, అంకెలు రెండు! అందుకే ప్రమాణం రాయని జవాబుకు మీ మాస్టారు మార్కులు తగ్గిస్తారు.

నీటి లెక్కకే ఇంత జాగ్రత్త కావాలంటే మనుషుల లెక్కకు ఎంత కావాలి? జైళ్ల లెక్కలను ఉదాహరణగా తీసుకుందాం.

మన దేశంలోని జైళ్ల వివరాలతో జాతీయ నేర రికార్డుల బ్యూరో ఒక నివేదిక ప్రచురిస్తుంది. దాన్ని ఎవరైనా కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2022 నివేదిక ప్రకారం, ఆ ఏడాది డిసెంబరు 31న దేశంలోని జైళ్లన్నిటిలో 4,36,266 మందికి చోటుంది. ఉన్నవారు 5,73,220 మంది. వీరిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే, నేరం చేశారో లేదో కోర్టు ఇంకా తేల్చనివారు.

ఈ అంకెలతో ఒక విద్యార్థి ఇలా ఫైలు తయారు చేశాడనుకోండి:

సామర్థ్యం,ఖైదీలు,విచారణ ఖైదీలు,శాతం,శాతం
4,36,266,5,73,220,4,34,302,131.4,75.8

కొన్ని రకాల ఫైళ్లలో గడికీ గడికీ మధ్య గోడ కామాయే. లక్షలు, వేలు తెలియడానికి మనం పెట్టిన కామాను కూడా కంప్యూటర్ గోడే అనుకుంటుంది. లెక్కపెట్టి చూడండి. పై వరుసలో 5 గడులు, కింది వరుసలో 11! సామర్థ్యం 4 అనీ, ఖైదీలు 36 అనీ చదువుతుంది.

రెండో లోపం 'శాతం'. దేనిలో శాతం? 131.4 చూసి, శాతం నూరు దాటడమేమిటి, అచ్చుతప్పు అని కొట్టివేసేవారుంటారు. కాని 5,73,220ని 4,36,266తో భాగించి 100తో గుణించండి. 131.4 సరిగ్గానే వస్తుంది. నూరు మందికి కట్టిన చోట 131 మంది ఉంటున్నారన్నమాట. 75.8 వేరు. అది మొత్తం ఖైదీలలో విచారణ ఖైదీల వాటా.

ఇప్పుడు సరిచేద్దాం:

సామర్థ్యం,ఖైదీలు,విచారణ ఖైదీలు,సామర్థ్యంతో పోలిస్తే ఖైదీల శాతం,ఖైదీలలో విచారణ ఖైదీల శాతం
436266,573220,434302,131.4,75.8

పని ఇంతటితో అయిపోలేదు. పట్టికతోపాటు ఒక వివరణ పత్రం ఉండాలి. అందులో ఇవి రాయాలి:

1. తేదీ: ఇది డిసెంబరు 31న ఉన్నవారి లెక్క. ఫిబ్రవరిలో వచ్చి అక్టోబరులో విడుదలైన వ్యక్తి ఇందులో కనిపించడు.

2. సున్న, ఖాళీ: సున్న అంటే లెక్కపెట్టాం, ఎవరూ లేరు అని. ఖాళీ గడి అంటే సమాచారం రాలేదని. రెండూ ఒకటి కావు.

3. హద్దులు: 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైంది. 2013 పట్టికలోని ఆంధ్రప్రదేశ్, 2015 పట్టికలోని ఆంధ్రప్రదేశ్ ఒకటి కావు. ఈ సంగతి రాయకపోతే ఖైదీలు ఒక్కసారిగా తగ్గిపోయారని పొరబడతాం. గుర్తుకోసం అంకె పక్కనే నక్షత్రం అతికించకూడదు. కంప్యూటర్ దాన్ని అంకెగా గుర్తించకపోవచ్చు. గమనికకు వేరే నిలువు వరుస ఇవ్వాలి.

4. లిపి: జైళ్ల పేర్లను యూనికోడ్ తెలుగులోనే టైపు చేయాలి. పాత ఫాంట్లలో చేస్తే మరో కంప్యూటర్‌లో పిచ్చిగీతలుగా కనబడతాయి.

ఇదంతా గుమాస్తా పని కదా అంటారా? 1979లో బీహారు జైళ్లలోని విచారణ ఖైదీల విషయం, హుస్సేనారా ఖాతూన్ కేసుగా, సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఖైదీల వివరాలను సంవత్సరాలవారీగా, చిన్న నేరాలనూ పెద్ద నేరాలనూ విడదీసి, పట్టిక మార్చి ఇమ్మని కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఎందుకు? జైల్లో గడిపిన కాలాన్నీ, ఆ నేరానికి పడగల అత్యధిక శిక్షనూ పక్కపక్కన పెడితేనే అన్యాయం కంటికి కనబడుతుంది. కొందరు ఆ శిక్షకాలం కంటే ఎక్కువే విచారణ లేకుండా గడిపారు! అలాంటివారిని విడిచిపెట్టమని కోర్టు ఆదేశించింది. త్వరగా విచారణ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమని తీర్పు చెప్పింది.

చేసి చూడండి: మీ తరగతి ఒక నెల హాజరును పట్టికగా వేసి, ఐదు వాక్యాల వివరణ రాయండి. దాన్ని మరో బడిలో చదివే మిత్రునికివ్వండి. మీరు పక్కన ఉండవద్దు. అతడు ఏయే ప్రశ్నలు అడగవలసివచ్చిందో తరువాత తెలుసుకోండి. వాటి జవాబులే మీ వివరణలో లోపించిన వాక్యాలు. వాటిని చేర్చి పట్టికను మళ్లీ రాయండి.