వరి మడిలో తూనీగలు: లెక్కించవలసినది కుబుసాలను

వరి పొలంపై తూనీగలు ఎగురుతున్నంత మాత్రాన అవి అక్కడే వృద్ధి చెందుతున్నాయని భావించరాదు. పాంటాలా ఫ్లావెసెన్స్ వంటి వలస జాతి సముద్రాన్ని సైతం దాటి రాగలదు. పిల్ల పురుగు నీటిలో ఎదిగి, దుబ్బు పైకి ప్రాకి విడిచిన కుబుసమే నమ్మదగిన ఆధారం. వానకు ఇవి రాలిపోతాయి కనుక పొడి వాతావరణంలో, ఉదయం వేళ లెక్కించడం మేలు.

సుడిదోమ నివారణకు మడిని ఆరబెట్టడం అవసరమే. అయితే పిల్ల పురుగులు బ్రతకడానికి పక్క కాలువలోనైనా నీరు మిగలాలి. మందుల ప్రభావం ఇంతకన్నా తీవ్రమైనది. జపాన్‌లో 1990ల నుండి ఎర్ర తూనీగలు క్షీణించడానికి నారు పెట్టెలలో వాడిన ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ముఖ్య కారణాలలో ఒకటని పరిశోధకులు భావిస్తున్నారు. ఫిప్రోనిల్ గుళికలు మన వరిలోనూ కాండం తొలుచు పురుగుపై వాడుకలో ఉన్నవే. గుళికలు వేసిన మడిలోను, వేయని మడిలోను కుబుసాలను పోల్చి చూడడం విద్యార్థులు చేపట్టదగిన ప్రయోగం.