సూదికంటే ముందు థర్మామీటరు

మన కూచిపూడి, మొవ్వ చుట్టుపక్కల ఒక్క గేదె పాల మీదే గడిచే ఇళ్లున్నాయి. అది మేత మానేస్తే ఇంటిల్లిపాదికీ దిగులే. కనుక పశువైద్య సహాయకుని పనిలో ఏముందో మన పిల్లలకు చెబుదాం.

ఆసుపత్రిలో శిక్షణకు వెళ్లినవారు ఉదయాన్నే చూడవలసింది ఫ్రిజ్‌ను. గొంతువాపు టీకామందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడెక్కినా, గడ్డకట్టినా దాని శక్తి పోతుంది. అలాంటి మందు వేస్తే రైతు ధీమాగా ఉంటాడు, వానల్లో గేదె పోతుంది.

తర్వాత పశువును కదలకుండా నిలిపి, మలద్వారంలో థర్మామీటరు ఉంచి జ్వరం చూడాలి. గేదెకు సుమారు 101 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. జ్వరముంటే ఆ రోజు టీకా వేయరాదు, డాక్టరుకు చెప్పాలి. ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి పొట్ట కదలికలు లెక్కపెట్టాలి. ప్రతిదీ రిజిస్టరులో రాయాలి. రోగమేమిటో తేల్చేది డాక్టరే.

పదో తరగతి తర్వాత శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. డాక్టరు చదువుకు గన్నవరంలోనే కళాశాల ఉంది. మన ఆడపిల్లలకూ ఈ సంగతి చెబుదాం.