“నాకు బొమ్మలు రావు టీచర్”

చెల్లీ,

నాలుగు, ఐదు తరగతుల డ్రాయింగ్ పీరియడ్ నీకు అంటగట్టారని, “నాకే రాదు, వాళ్ళకేం నేర్పను అక్కా” అని ఫోన్లో దిగులుపడ్డావు కదా. నిన్నటి నుంచీ నా మనసంతా దాని మీదే ఉంది. తీరిగ్గా చెబుతాను, విను.

నీకు బొమ్మ వేయడం రాకపోయినా ఫరవాలేదమ్మా. ఆ పిల్లల వయసు ఎలాంటిదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఒకటో తరగతి పిల్లకి సుద్దముక్క ఇచ్చి చూడు. అమ్మ తలకాయ ఇంటికన్నా పెద్దగా వేస్తుంది, బస్సులో కూర్చున్నవాళ్ళ కాళ్ళు కూడా బయటికి కనపడేట్టు వేస్తుంది, అడిగితే బోలెడు కథ చెబుతుంది. అదే పిల్ల నాలుగుకి వచ్చేసరికి చేయి అడ్డం పెట్టుకుని వేస్తుంది. నువ్వు దగ్గరికి వెళ్ళావో, కాగితం బోర్లించేస్తుంది. “నాకు బొమ్మలు రావు టీచర్” అంటుంది.

ఆస్ట్రియాలో పుట్టి, అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పిల్లల బొమ్మల మీద 1947లో ఓ పెద్ద పుస్తకం రాశాడు. తొమ్మిదేళ్ళ దగ్గర మొదలయ్యే వయసుని ఆయన విడిగా ఒక దశ అన్నాడు. అప్పటిదాకా తనకి తెలిసిందంతా వేసిన పిల్లకి, ఇప్పుడు కంటికి కనపడేట్టు వేయాలనిపిస్తుంది. పక్కపిల్ల ఏమంటుందోనన్న బెంగ కూడా అప్పుడే మొదలవుతుంది. తను వేసిన ఆవు ఆవులా లేదని తనకే తెలుస్తుంది, సరిచేయడానికి చేయి సాగదు. ఆ సమయంలో ఎవరూ ఆసరా ఇవ్వకపోతే పెన్సిల్ అక్కడే దించేస్తారు. మన ఇంట్లో పెద్దవాళ్ళనే చూడు. మనిషి బొమ్మ వేయమంటే ఇప్పటికీ ఐదో తరగతి బొమ్మే వేస్తారు. నాకు కడుపు తరుక్కుపోయేది అక్కడే.

స్వేచ్ఛగా వేయమంటే నీ క్లాసులో ఏం వస్తుందో నేనిప్పుడే చెప్పగలను. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కిందికి ఏరు, ఓ పక్క గుడిసె, ఓ పక్క కొబ్బరిచెట్టు. సీనరీ! చూసి విసుక్కోకు. తప్పుపోదు, ఎవరూ నవ్వరు అన్న ధైర్యంతో పిల్లలు దాన్ని పట్టుకుని ఉంటారు. దాన్ని లాక్కోకుండా అందులోకి వాళ్ళ ఊరిని రప్పించు. మీ ఊళ్ళో కొండే లేదు కదా, కాలవగట్టు ఉంది. లాకుల దగ్గర నీళ్ళు ఎలా పడతాయి, రేవులో మెట్లు ఎన్ని, గుడిసె మీద తాటాకు ఎటు వాలి ఉంది, సాయంత్రం చూసి రమ్మను. మర్నాడు వేసే ఏరు వేరుగా ఉంటుంది.

మొదటి పాఠం మాత్రం వేపరెమ్మతో పెట్టు. తలా ఒకటి చేతికియ్యి. వేయడానికి ముందు ఐదు నిమిషాలు చూడటమే పని. వేపాకు నిటారుగా ఉండదు, కొడవలిలా వంగి ఉంటుంది. అంచుకి రంపపు పళ్ళు. మొదలు దగ్గర ఈనెకి ఒకవైపు వెడల్పు ఎక్కువ, రెండోవైపు తక్కువ. రోజూ ఆ చెట్టు కింద ఆడుకునే పిల్లలు “అవును టీచర్!” అని అరుస్తారు చూడు. అప్పుడు కాగితం వంక చూడకుండా, ఆకు అంచునే చూస్తూ, కన్ను కదిలినంత నెమ్మదిగా పెన్సిల్ కదపమను. అందరివీ వంకరటింకరగా వస్తాయి, అందరూ కలిసి నవ్వుకుంటారు. ఫస్టు ర్యాంకు పిల్లకీ అదే గతి, వెనక బెంచీ వాడికీ అదే గతి. భయం తీరడానికి ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

తర్వాత వారం పాత చందమామలోంచి గీతల బొమ్మ ఒకటి తీసి, తలకిందులుగా పెట్టి చూసి వేయమను. బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో తన పుస్తకంలో చెప్పిన కిటుకు ఇది. తిరగేస్తే అది ముక్కో చెయ్యో తోచదు, ఉన్న గీతే కనపడుతుంది. పూర్తయ్యాక కాగితాలు సరిగ్గా తిప్పించినప్పుడు వాళ్ళ మొహాలు చూడు.

రబ్బరుతో కాగితం చిరిగేదాకా చెరిపేవాళ్ళు ఉంటారు. తిట్టకు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ కలంలాంటిది చేయించు. వెదురుపుల్ల కొన చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కడతారు వాళ్ళు. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే కొనకి దిగుతుంది. మీరు గుడ్డపీలిక చుట్టి సిరాలో ముంచుకోండి. సిరాని చెరపలేరు కాబట్టి తప్పుపోయిన గీతనే చెట్టుకొమ్మగా మార్చుకోవడం నేర్చుకుంటారు. రంగులు కొనలేని పిల్లలున్నారని మథనపడకు. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రగా తిరుగుతుంది కదా, పారాణి! అక్కడే రంగుల పాఠం మొదలు. సున్నం మాత్రం నువ్వే కలుపు, పిల్లల చేతికివ్వకు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. వాళ్ళ కాగితం మీద నీ పెన్సిల్ పెట్టొద్దు. చూపించాలంటే బోర్డు మీద వేసి చెరిపేయి. ఊరికే “బాగుంది” అనకు, నీకు కనపడింది చెప్పు. “ఆవు ముందుకాళ్ళు మడిచి, నడుము పైకెత్తావే! లేచేటప్పుడు వెనక కాళ్ళే ముందు లేపుతుందని ఎక్కడ చూశావురా?” అను. వాడు వారం రోజులు ఆవుల వెంటే తిరుగుతాడు.

మీకు రాజమండ్రి దగ్గరే కదా, ఓసారి దామెర్ల రామారావు చిత్రశాలకి తీసుకెళ్ళు. 1897లో పుట్టి 1925లోనే పోయాడు ఆయన. అంత చిన్న వయసులో మన గోదావరి మనుషుల్ని ఎంత శ్రద్ధగా చూశాడో పిల్లలు దగ్గరగా నిలబడి చూడాలి. నువ్వేమీ వివరించకు, ఒక్కో బొమ్మలో నచ్చిన మూల ఏదో చూపమను చాలు.

పరీక్షలు దగ్గరపడగానే ఈ పీరియడ్‌ని లెక్కలకి అడుగుతారు. పోట్లాడు. పదో తరగతి దాకా కళలు తప్పనిసరిగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పిందని మర్యాదగానే గుర్తుచేయి. ప్రతి కాగితం మీదా పేరూ తేదీ వేయించి ఒక అట్టపెట్టెలో దాచు. మార్కులెలా వేశావని హెడ్మాస్టరుగారు అడిగితే, ఒక్కో పిల్లది జూన్ కాగితం, మార్చి కాగితం తీసి పక్కపక్కన పెట్టు.

ప్రేమతో,
అక్క