సింహగిరి సంపెంగ

సింహాచల క్షేత్రమును సేవించి వచ్చినవారికి శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామివారి చందనము పిదప చిరకాలము జ్ఞప్తియందుండునది సంపెంగ పరిమళము. ఈ వృక్షమునకు తెలుగునాట 'సింహాచలం సంపెంగ' అనియే వాడుక. అమరకోశము దీనిని చాంపేయము, చంపకము, హేమపుష్పకము అని పేర్కొన్నది. బంగారువన్నెను బట్టియే ఈ కడపటి పేరు.

అయితే తీగగా ప్రాకు ఆకుసంపెంగ వేరు, దుంపనుండి మొలచు నేలసంపెంగ వేరు. వైద్యగ్రంథములు చెప్పు గుణములు చంపక వృక్షమునకే చెందును. పేరును మాత్రమే నమ్మి మందు తయారుచేయబూనుట ప్రమాదము.

16వ శతాబ్దివాడగు భావమిశ్రుడు 'భావప్రకాశము'న చంపకమును పుష్పవర్గమున చేర్చెను. ఇది శీతగుణము కలదనియు, క్రిములను, మూత్రకృచ్ఛ్రమును, కఫమును హరించుననియు అతని మతము. చేదైన బెరడు కషాయమును జ్వరమునకు ఇచ్చుట కూడ పూర్వాచారమే. వైద్యుని అడుగక లోనికి పుచ్చుకొనదగినవి కావివి.

ఇండ్లలో నిలిచినది సంపెంగనూనె. పూలను నూనెలో కాచినచో సువాసన చెడును. అందుచే పొట్టుతీసిన నువ్వులను, అప్పుడే కోసిన పూలను పొరలుపొరలుగా పరతురు. వాడినవి తీసి క్రొత్తవి వేయుచుందురు. నువ్వులు వాసనను బాగుగ పీల్చుకొనిన పిమ్మట గానుగ ఆడుదురు. ఈ తైలమును తలనొప్పికి, కీళ్ళనొప్పులకు మర్దనచేయుట పరిపాటి.

పూలను నీట మరిగించినచో పసుపువన్నె దిగును. పూర్వము దానిని అద్దకమున వాడిరి. కాని గంపెడు సంపెంగలను కాగులో పోయుటకు ఎవరికి మనసొప్పును? చౌకయైన పసుపుకొమ్ము ఉండనే ఉన్నది. అంతమాత్రమున మొక్కల రంగులకు కాలము చెల్లినదనరాదు. వరాహనది ఒడ్డునగల ఏటికొప్పాకలో రసాయనపు రంగులు ప్రవేశించిన తరువాత కూడ, శిల్పులు మొక్కలనుండి తీసిన వర్ణములకే మరలిరి. వానిని లక్కతో మేళవించి, తరిణెపై తిరుగు అంకుడుకర్ర బొమ్మలకు పట్టించుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

నూనెకైనను, పూజకైనను ముందు చెట్టు ఉండవలెను కదా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకినపుడు నగరమునందును, చుట్టుపట్ల కొండలయందును లెక్కలేనన్ని వృక్షములు కూలినవి. విత్తునాటిన సంపెంగ పూతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంటుమొక్క రెండుమూడేండ్లకే పూచును. విత్తు త్వరగా మొలకశక్తిని కోల్పోవును గనుక కాయ పగిలినవెంటనే ఎఱ్ఱని పైపొరను కడిగి, ఎండనీయక నాటవలెను.