క్యారేజీ మూత

హనుమాన్ జంక్షన్,
జనవరి 22.

చిట్టితల్లికి,

అమ్మమ్మ ముద్దులు. గుణదల మాత నిన్ను చల్లగా చూడాలి. దగ్గు తగ్గిందా? పడుకోబోయే ముందు పాలల్లో మిరియాల పొడి వేసుకుని తాగమన్నాను, తాగుతున్నావా? లెక్కల్లో మార్కులు తగ్గాయని మీ అమ్మ ఫోనులో గంటసేపు చెప్పింది. ఆ సంగతి మీ నాన్న చూసుకుంటారు. నేను రాసేది వేరే విషయం.

పండక్కి వచ్చి మీరు వెళ్ళిన మర్నాడు, మన పక్క తోటలో పనికొచ్చే ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళది ముసునూరు వైపు పల్లె. ఆ పిల్ల మీ బళ్ళోనే, నీ తరగతే, బోర్డింగులో ఉంటుందట. ఎంత సంతోషం వేసిందో నాకు! కూర్చోబెట్టి అరిసెలు పెట్టాను. "మా మనవరాలూ నువ్వూ మధ్యాహ్నం కలిసే తింటారా?" అని అడిగాను. ఆ పిల్ల నేలచూపులు చూసింది. మళ్ళీ అడిగితే, "తను క్యారేజీ మూత అడ్డం పెట్టుకుని తింటదమ్మమ్మా" అంది. చాడీ చెప్పినట్టు కాదు తల్లీ, నేను గుచ్చి అడిగాను కాబట్టి చెప్పింది. దాని మీద కోపం పెట్టుకోకు, నా మీద ఒట్టు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేతిలో ముద్ద, ఇంకో చేతిలో మూత నిలబెట్టి పట్టుకున్న నువ్వే కళ్ళ ముందు. రేగుపళ్ళు గౌను జేబులో దాచి, చితికిపోయినా సరే, "నీకోసమే అమ్మమ్మా" అని తెచ్చిచ్చిన పిల్లవి నువ్వు. నీది చెడ్డబుద్ధి అని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఎవరో ఒకరు మొదట మూత పెట్టుకుని ఉంటారు, చూసి మిగతావాళ్ళూ పెట్టుకుని ఉంటారు. బళ్ళో అలవాట్లు అలాగే అంటుకుంటాయి, పేలలాగా.

ముందు బోర్డింగు అంటే ఏమిటో చెప్తాను. ఏటా లక్షలమంది ఎక్కే గుణదల కొండ దగ్గర 1924లో అర్లాటి ఫాదర్ గారు లూర్దుమాత స్వరూపం పెట్టించినప్పుడు, ఆయన అక్కడ సెయింట్ జోసెఫ్ అనాథ పిల్లల ఇంటికి పెద్ద. అంటే తిరునాళ్ళ కంటే ముందు అక్కడ పిల్లలున్నారు. పూట పూటకీ వాళ్ళకింత అన్నం పెట్టాలన్న చింత ఉంది. అంతకు ముందే, 1904లో, గుంటూరికి హాలండు నుంచి జె.ఎం.జె. సభ సిస్టర్లు వచ్చారు. మన భాష రాదు, మన ఎండలు ఎరగరు. ఆడపిల్లలకి చదువెందుకనే రోజులు. బడిలేని పల్లెల నుంచి పిల్ల రావాలంటే బడి పక్కనే పడుకునే చోటూ, తినే చోటూ ఉండాలి. బోర్డింగంటే అంతే. ఇళ్ళు దగ్గరున్న మీరు బ్యాగూ క్యారేజీ తీసుకుని సాయంత్రానికి అమ్మ దగ్గరికి వచ్చేస్తారు. వాళ్ళు అక్కడే ఉంటారు. సాయంత్రం బస్సు కదిలినప్పుడు గేటు లోపల నిలబడి చూసే కళ్ళని ఎప్పుడైనా చూశావా? నేను ఆ గేటు లోపల అయిదేళ్ళు నిలబడ్డాను.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. 1966. దేశమంతా తిండిగింజల కరువు. మా బోర్డింగులో పొద్దున అమెరికా నుంచి వచ్చిన పాలపొడి కలిపిన పాలు, గోధుమ నూక ఉప్మా. మధ్యాహ్నం కొలిచి పెట్టిన అన్నం, నీళ్ళలాంటి పప్పు. సిస్టర్లని ఒక్క మాట అనను. వాళ్ళూ అదే తిన్నారు, నేను కళ్ళారా చూశాను. కానీ ఎదిగే వయసు కదా, ఆకలి లెక్కలు వినదు. రాత్రి జపమాల చెప్పుకుంటూ ఉంటే పూసలన్నీ సెనగ గింజల్లా కనిపించేవి.

నవంబరులో విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న గొడవలు ముదిరాయి. విశాఖలో కాల్పులు జరిగాయని రేడియోలో చెప్పారు. రైళ్ళు లేవు, బస్సులు లేవు, బళ్ళు మూసేశారు. డే స్కాలర్లు ఇళ్ళల్లో ఉండిపోయారు. మేము ఎక్కడికి పోతాం? మా నాన్న తోట కాపలా వదిలి రాలేడు. వచ్చినా మన స్టేషన్లో రైలు ఆగితే కదా. (ఆ స్టేషను బోర్డు మీద నూజివీడు అనే ఉంటుంది, ఉండేది మాత్రం మన జంక్షన్లో. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని అక్కడ దిగిన ప్రతిసారీ ఆ బోర్డు తాకి ఇంటికి వచ్చేదాన్ని.) అలాంటి రోజు, మిట్టమధ్యాహ్నం, నా తరగతి పిల్ల ఒకతి గేటు దగ్గరికి వచ్చింది. అమ్మకి చెప్పి, సందుల్లోంచి నడిచి వచ్చింది. చేతిలో నాలుగు గిన్నెల ఇత్తడి క్యారేజీ. వాచ్‌మన్ని బతిమాలి లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది.

ఏం తెచ్చిందో చెప్పనా? వంకాయ కూర, ముద్దపప్పు, ఆవకాయ, అన్నం. తల్లీ, ఆ రుచి నాకిప్పటికీ నాలుక మీదే ఉంది. కానీ నేను చెప్పాలనుకున్నది రుచి గురించి కాదు. "ఇదిగో నువ్వు తిను" అని నా ముందు పెట్టి చూస్తూ కూర్చోలేదు తను. "మా అమ్మ కూరలో ఉప్పెక్కువ వేసిందేమో చూడు" అంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. "సరిపోయింది" అన్నాను. "అయితే తిందాం" అని తనూ చెయ్యి పెట్టింది. ఆ రోజు నేను అడుక్కుతిన్నదాన్ని కాలేదు. కూరలో ఉప్పు చూసినదాన్ని అయ్యాను.

అందుకే, శ్రద్ధగా విను.

క్యారేజీలో మీ బోర్డింగు పిల్ల కోసం ఒక గిన్నె ఎక్కువ పెట్టించుకో. మీ అమ్మకి నేను చెప్తాను, నువ్వు అడగక్కర్లేదు. ఆ గిన్నెలో మిగిలిపోయిన కూర వద్దు, నువ్వు తినేదే ఉండాలి. నీకు వేపుడు, దానికి నిన్నటి పప్పు, అట్లా పనికిరాదు. నీ గిన్నె తెరవక ముందే ఆ గిన్నె తెరువు. నువ్వు సగం తిన్నాక "కావాలా" అని అడగడం అంటే ఎంగిలి పెట్టడమే. అందరి ముందూ పేరు పెట్టి పిలవకు. మాట కలుపుతూ పక్కకి జరిపితే చాలు. వద్దంటే రెండోసారి అడుగు, మూడోసారి అడగొద్దు. రోజూ ఒక్కదానికే పెట్టావంటే మిగతా పిల్లలు దాన్ని ఆటపట్టిస్తారు, అదీ చూసుకోవాలి. చేపల కూర అయితే ముళ్ళు లేని ముక్కలు పైన పెట్టమను, గబగబా తినే పిల్లలు. పెరుగు గిన్నె మూత బిగుతుగా ఉండాలి, బ్యాగులో ఒలికితే పుస్తకాలన్నీ కంపు. బోర్డింగు వాళ్ళు భోజనశాలలో తిని మీరు తినే చెట్టు కిందికి వచ్చేసరికి మీవి సగం అయిపోతాయి కాబట్టి, కాస్త నెమ్మదిగా మొదలుపెట్టు. గంట కొట్టేస్తారన్న భయం వద్దు, అయిదు నిమిషాలకి ఆకలితో ఎవరూ పడిపోరు.

ఇంకొకటి, వాళ్ళిచ్చింది తీసుకో. ఇది మరీ ముఖ్యం. నాకు ఆ పిల్ల క్యారేజీ తెచ్చిన మరుసటేడు జూన్‌లో బడి తెరిచినప్పుడు మా నాన్న నా ట్రంకుపెట్టెతో పాటు ఒక చిన్న తట్టలో గడ్డి పరిచి చిన్నరసాలు పెట్టిచ్చాడు. గుత్తకి తీసుకున్న షావుకారు కాయలు దింపుకున్నాక చిటారు కొమ్మన మిగిలినవి. అవి తీసుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మగారు కోసి పళ్ళెంలో పెట్టబోతే నేనే ఆపి, పండుని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న కన్నం చేసి ఎట్లా జుర్రుకోవాలో చూపించాను. ఇంటిల్లిపాదీ మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నారు. ఆ రోజు నడిచి వస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు. అప్పటిదాకా నేను తీసుకునేదాన్నే. మీ బోర్డింగు పిల్ల నీకు ఊరి నుంచి వేయించిన జొన్నపేలాలు తెస్తే, రెండు గింజలు నోట్లో వేసుకుని పక్కన పెట్టేయకు. దోసిలి పట్టు.

ఇంత రాశానా, చెయ్యి నొప్పి పుడుతోంది. నిన్ను తిడుతున్నానని ఏడుస్తున్నావా? ఏడవకు బంగారం. నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదట ఎత్తుకున్నది నేనే. నీ గుప్పెట మూసే ఉంది, నా వేలు పెడితే తెరిచి పట్టుకున్నావు. నాకు అది గుర్తొచ్చి రాస్తున్నాను.

తోటలో ఈ ఏడు పూత బాగా వచ్చింది. మంచు పడకుండా ఉంటే కాపు నిలుస్తుంది. ఫిబ్రవరి 11న గుణదల తిరునాళ్ళకి వస్తున్నాను. కొండ మెట్లు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి నువ్వుండాలి. సిస్టర్ గారిని అడిగి ఆ పిల్లనీ పిలుచుకురా, మోకాళ్ళ నొప్పులు కదా, నాకు రెండు వైపులా మనిషి కావాలి.

మన ఆటో అబ్బాయి చేత ఒక క్యారేజీ పంపిస్తున్నాను. నాలుగు గిన్నెలది, స్టీలుది. గుడివాడ రోడ్డులో కొన్నాను. పై గిన్నె చెవి కొంచెం వదులుగా ఉంది, బిగించి మూసుకో.

మీ అమ్మమ్మ